ట్రాలీ కింద పక్క

తెలంగాణ వచ్చిన మూడో వేసవిలో నేను మహబూబ్‌నగర్‌లో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా పనిచేస్తున్నాను. బండి కింద పడి ఎవరైనా చనిపోతే, బండిలో లోపం ఉందో లేదో తేల్చి పోలీసులకు నివేదిక ఇవ్వడం మా విధుల్లో ఒకటి. ఆ ఏప్రిల్లో మక్తల్ వైపు నుంచి అలాంటి పని వచ్చింది. ప్రమాదస్థలం చదివి, ఎవరో పొరపాటున రాశారనుకున్నాను. అది కృష్ణా నది మధ్యలో ఉన్న చిన్న గడ్డ. చుట్టూ నీళ్లు, వంతెన లేదు, మోటారు బండి అన్నది తిరగని ఊరు.

నేనూ ఒక హెడ్ కానిస్టేబులూ పుట్టిలో, బుట్టలాంటి ఆ గుండ్రటి పడవలో, నది దాటాం. ఒడ్డున దిగాం. ఎటు చూసినా తెల్లటి ఇసుక. ఒక్క ప్లాస్టిక్ సంచి లేదు, ఒక్క సీసా పెంకు లేదు. ఉద్యోగమంతా డీజిల్ పొగలో గడిపినవాణ్ణి, ఇంత శుభ్రమైన చోటు మన జిల్లాలోనే ఉందా అని వచ్చిన పని కాసేపు మరిచాను. కొంచెం ముందుకు నడిస్తే ఆ ఇసుకలోనే ట్రాలీతో సహా ట్రాక్టరు నిలబడి ఉంది.

దాన్ని విప్పి, పుట్టీలు జతలుగా కట్టి, ముక్కలుముక్కలుగా దాటించి ఇక్కడ మళ్లీ బిగించారట. పోలీసులు బండిని స్టేషనుకు తరలించలేక తాళంచెవి మాత్రం పట్టుకుపోయారు. నాకు నవ్వొచ్చింది. నడిపినవాడు నర్సింలు అనీ, చనిపోయింది అతని తండ్రి హన్మంతు అనీ హెడ్ కానిస్టేబుల్ చెప్పగానే ఆ నవ్వు చచ్చిపోయింది.

ఎండాకాలం ఆ ఊరి మగవాళ్లు ఇసుకలోనే పడుకుంటారు. ఎడ్లబండి ఉన్నవాడు బండి కిందే పక్క వేసుకుంటాడు. హన్మంతుకు చెవులు వినబడవు, అయినా ఏనాడూ ప్రమాదం లేదు. ఎడ్లను కట్టడానికి కాడి ఎత్తితే బండి కదిలి కిందివాడు లేస్తాడు, కట్టేవాడూ ఎలాగూ వంగి చూస్తాడు. ట్రాక్టరు వచ్చాక ఆయన తన పక్కను ట్రాలీ కిందికి మార్చుకున్నాడు, అంతే. తెల్లవారుజామున కొడుకు సీటెక్కి, తాళం తిప్పి, గేరు వేశాడు.

హెడ్ కానిస్టేబుల్ దగ్గర తాళంచెవి తీసుకుని ఇసుక మీదే నడిపి చూశాను. బ్రేకులు బాగా పడుతున్నాయి. మా లెక్కలో దాని అర్థం, తప్పు నడిపినవాడిది. హన్మంతు భార్య బాలమ్మ నా మొహం చూసే కనిపెట్టింది.

"బిరేకులు పట్టలేదని రాయి సారూ. మొగుడు పాయె. కొడుకును గూడ జైలుకు తీస్కపోతె నేనెట్ల బతకాలె?"

గుండుతో దూరంగా కూర్చున్న నర్సింలు తలెత్తలేదు. "వద్దమ్మ. బిరేకులు మంచిగనే ఉన్నయ్. నేనే దిగి సూడలే."

అబద్ధం రాయలేను. కానీ ఇంకో పరీక్ష మిగిలి ఉంది. సీటు మీది నుంచి డ్రైవరుకు ఎంత మేర కనబడుతుందో చూడాలి. ట్రాలీ కింద ఎవరైనా పడుకోండి అన్నాను. జనమంతా వెనక్కి జరిగారు. నేను హెడ్ కానిస్టేబుల్‌కు చెప్పబోయేలోపే బాలమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, భర్త పడుకున్న జాగాలోనే పడుకుంది. వద్దమ్మా, వద్దమ్మా అంటున్నా వినలేదు.

నేను సీటెక్కాను. ఇంజను ఆపే ఉంది. అయినా తాళంచెవి పీకి హెడ్ కానిస్టేబుల్ చేతికిచ్చాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ బండి మీదా అంత భయపడలేదు.

"కనవడుతున్ననా సారూ?" కింది నుంచి అడిగింది.

ఎటు వంగినా ట్రాలీ రేకు తప్ప ఏమీ కనబడలేదు. లేదమ్మా, ఇక లేచి రా, అన్నాను.

బ్రేకులు సవ్యంగా ఉన్నాయని రాశాను. ట్రాలీ కింద పడుకున్న మనిషి సీటు మీది నుంచి కనబడడనీ రాశాను. కోర్టులో సాక్ష్యమిచ్చినప్పుడు రెండు మాటలూ చెప్పాను. నర్సింలుకు జైలు పడలేదు.

బండి కొత్తదైనంత మాత్రాన మనుషుల అలవాట్లు కొత్తవి కావని అక్కడ తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా, ఏ బండిని తనిఖీ చేసినా ముందు కిందికి వంగి చూసి, తర్వాతే సీటెక్కాను.