చలికి పేరుకున్న నూనె

డీజిల్ ఇంజను తన తొలి రోజుల్లో ఒక ప్రదర్శనలో వేరుశనగ నూనెతో నడిచింది. భూమిలోంచి చవకగా చమురు దొరకడంతో లోకం ఆ సంగతి మరిచిపోయింది. చమురు ధర పెరిగినప్పుడల్లా ఏలినవారికి కానుగ, అడవి ఆముదం గుర్తుకొస్తాయి. ధర తగ్గగానే నాటిన మొక్కలకు నీళ్ళు పోసే దిక్కుండదు. ఇంజన్ల ప్రయోగశాలలో నా ఉద్యోగమంతా ఈ తంతును నమోదు చేయడంతోనే సరిపోయింది. దోషం నూనెలో కాదు, దాని స్వభావం తెలుసుకోకుండా వాడేవారిలో కనబడింది.

ఉత్తరాదిన వైశాలిలో మా అపార్టుమెంటు కమిటీ కిందటి శీతాకాలానికి ముందు, వాడేసిన వంటనూనెతో తయారైన ఇంధనాన్ని జనరేటరు ట్యాంకులో నింపించింది. మా పై అంతస్తులో ఒక విశ్రాంత నర్సు ఉండేది. ఊపిరితిత్తులు చెడిన ఆమె భర్త కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం మీదే బతుకుతున్నాడు. అందుకే కమిటీకి రాతపూర్వకంగా తెలియజేశాను: ఇందులో పామాయిలే ఎక్కువ, ఇక్కడి చలికి పేరుకుంటుంది, ట్యాంకుకు హీటరైనా పెట్టించండి, చలికాలం మామూలు డీజిలైనా వాడండి.

కార్యదర్శి హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చదివి నవ్వాడు.

“అంకుల్, దోమ కుట్టినా మీరు లెటర్ రాస్తరు! ఇది గ్రీన్ ఫ్యూయల్. మొన్న టెస్ట్ చేసినం, మస్తు నడిచింది.”

“మొన్న ఎండ కాసింది.”

“అచ్ఛా, చలి పడ్డంక చూద్దాం తియ్యండి.”

జనవరిలో పొగమంచు కమ్మిన ఒక ఉదయం కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను కిందికి దిగేసరికి ఆపరేటరు ఫిల్టరు విప్పి చూపాడు. లోపల డాల్డాలా తెల్లగా పేరుకుని ఉంది. నర్సు భర్తను చిన్న సిలిండరు మీదికి మార్చి, పక్కింటావిడను కాపలా పెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేసి, మెట్ల మీదుగా పరుగున వచ్చింది.

“కొబ్బరినూనె సీసా పొయ్యి పక్కన పెట్టుకోని ఇల్లు ఇక్కడ ఒక్కటైనా ఉందా బాబూ? తలకి రాసుకునేదాని మీదున్న శ్రద్ధ దీని మీద లేకపోయిందే!” అంది అప్పటికే అక్కడికి చేరిన కార్యదర్శితో.

“సారీ ఆంటీ, వెండర్ చెప్పలే...”

“సిలిండరు అయిపోవస్తోంది. మాటలాపి వేడినీళ్ళు తెప్పించు.”

ఆమె తిరిగి పైకి వెళ్ళింది. ఇళ్ళలోంచి జనం గిన్నెలతో, కెటిళ్ళతో దిగివచ్చారు. గొట్టాలకు గుడ్డలు చుట్టి వేడినీళ్ళు పోస్తూనే ఉన్నాం. అంబులెన్సు పొగమంచులో ఎక్కడో చిక్కుకుంది. చాలాసేపటికి ఇంజను అందుకుంది. దీపాలు వెలిగాయి. కొందరు చప్పట్లు కొట్టారు.

“చూసిన్రా అంకుల్, నడిచింది!” అన్నాడు కార్యదర్శి.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల నర్సు ఒక్కతే నిలబడి ఉంది.

“అంబులెన్సు వాళ్ళకి ఫోన్ చెయ్యండి అన్నయ్యగారూ,” అంది నాతో. “తొందరపడి రావద్దని చెప్పండి.”