గీకుడు బాబాయ్ గీసిన మోచెయ్యి

కరెంటు గిటార్లు చేసే కార్ఖానాలో ఆయన్ని అందరూ గీకుడు బాబాయ్ అనేవాళ్ళు. పనే అది మరి. నిగనిగలాడే కొత్త గిటారు తెచ్చి ముందర పెడితే, ఉప్పుకాగితంతో గీకి గీకి దాన్ని ముసలిదాన్ని చెయ్యాలి. కొనేవాళ్ళకి అదో పిచ్చి. కొత్తదే కావాలిట, చూస్తే మాత్రం ఎవరో జన్మంతా వాయించినట్టుండాలిట! ముసలితనం కావాలంటే ఊరికే కూర్చోండర్రా, అదే వస్తుంది.

ఆయనకో అన్న. క్లబ్బుల్లో గిటారు వాయించేవాడు. ఆ గిటారు కాస్తా వ్యానులోంచి జారిపడి ముక్కలైంది. అంతే, మనిషి మంచానికీ కిటికీకీ అతుక్కుపోయాడు. పలకరిస్తే ఊఁ అంటాడు, అదీ బుద్ధి పుడితే.

కార్ఖానా వాళ్ళు అన్న వాయించిన ఆ పాత మోడలే మళ్ళీ తెస్తున్నామనేసరికి తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. అది చేతిలో పెడితే అన్న మళ్ళీ వాయిస్తాడని ఒకటే ఆశ. మోచెయ్యి రాసుకుని అన్న గిటారుకి రంగు ఎక్కడ పోయిందో ఈయనకి కంఠతా వచ్చు. వచ్చిన ప్రతి గిటారునీ సరిగ్గా అక్కడే గీకాడు.

గీకుతూ గీకుతూ ఓ రోజు గిటారు మెడ పట్టుకుని చూశాడు. పిడికిట్లో వదులుగా ఆడింది.

"మెడ ఇంత బక్కచిక్కిందేంటయ్యా? సౌండు నాబు అంత దూరం పోయిందేంటి?" అని మేస్త్రీని అడిగాడు.

"ఇప్పటివాళ్ళ చేతికి పాత మెడ లావు బాబాయ్. నాబేమో చేతికి తగులుతోందని జరిపారు."

"తగలాలనే కదయ్యా! మా అన్న చిటికెనవేలు దాని మీదే ఉండేది. ఒక్కటి పాత కొలతకి కోయించి పెట్టవూ?"

"ఒక్కదాని కోసం మిషను ఆపితే ముందు నా మెడ కోస్తారు."

చేసేదేముంది? బతిమాలి ఒకటి తెచ్చుకున్నాడు. రంగు చూసైనా అన్న మురిసిపోతాడేమోనని. అన్న ఇంటి మెట్లెక్కేసరికే ఒళ్ళు హూనమైంది.

"రావయ్యా మరిదీ, ఆ రాయిని లేపుదువు గాని," అంది వదిన.

అన్న గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. మోచెయ్యి పోయి సరిగ్గా ఆ గీకిన చోట వాలింది.

"ఒరేయ్... ఇది నా మోచెయ్యేరా!" అన్నాడు. ఎన్నాళ్ళకి అంత పొడుగు మాట! వదిన చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత ఎడమచెయ్యి మెడ పట్టుకుంది. లావు కోసం తడుముకుంది, దొరకలేదు. కుడిచేతి చిటికెనవేలు గాల్లో నాబుని వెతికింది, లేదు. ఒక్క తీగ మీటి ఊరుకున్నాడు.

"బాగా గీకావురా," అన్నాడు. "తీసుకుపో."

"ఉండనీ అన్నయ్యా, అలవాటవుతుంది."

"దీనికి అలవాటయ్యే ఓపిక లేదురా," అని కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు బల్ల మీద ఇంకో కొత్తది. ఈసారి ఇంకెక్కడన్నా గీకుదామనుకున్నాడు బాబాయ్. చెయ్యి ఆయన మాట వింటేగా? ఉసూరుమంటూ అన్న మోచెయ్యి వాలే చోటికే పోయింది.