అమ్మిన ఎద్దు, ఇవ్వని తలుగు

మా కోటను ఆదివారం సాయంత్రం తీసేస్తారని తెలిసి నేను నాగర్‌కర్నూల్ నుంచి పెబ్బేరుకు బయలుదేరాను. మా వైపు రాతి కోటలకు కొదవలేదు. గద్వాలలో ఒకటుంది, గుట్టకొకటి చొప్పున ఇంకా ఉన్నాయి. వాటిని కూల్చడానికి వానలకూ గబ్బిలాలకూ కొన్ని వందల ఏళ్లు పట్టింది. మాది ఫోన్‌లో ఉన్న కోట. దానికి ఒక నోటీసు చాలు.

నోటీసు కూడా చిన్నదే. ఊరూరి నుంచి చాలామంది ఒకేసారి కలిసి ఆడే ఆట అది. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర ఎంచుకుంటారు, గుంపులు కడతారు, ఒక్కో గుంపుకు ఒక్కో కోట ఇస్తారు. ఇప్పుడు జనం ఆట వదిలేసి పోతున్నారు కాబట్టి ఖాళీ కోటలు తీసేస్తామన్నారు. నెలకోసారి ఆదివారం నాలుగింటికి గంట మోగుతుంది. ఆ క్షణాన ఇరవయ్యో లెవెల్ దాటినవాళ్లు నలుగురు కోటలో నిలబడి ఉండాలి. మేం ముగ్గురం.

ఒకప్పుడు కోట నిండా ఉండేవాళ్లం. ఒకడికి పెళ్లయింది. ఒకడికి ఉద్యోగం వచ్చింది. ఒకడు వేరే ఆటలోకి వెళ్లిపోయాడు. పెళ్లినీ ఉద్యోగాన్నీ క్షమించాం, వాణ్ని మాత్రం క్షమించలేదు. మొదట్లో మా గుంపును మేం దళం అనేవాళ్లం. ఒకసారి అచ్చంపేట బస్సులో ఫోన్‌లో "మన దళంలో ముగ్గురమే మిగిలినం" అని గట్టిగా అన్నాను. పక్క సీటాయన తన స్టేజీ రాకముందే దిగిపోయాడు. అప్పటినుంచి గుంపు అనే అంటున్నాం. జెండా మీద మేక బొమ్మ ఉంటుంది. సింహం బొమ్మకు ఆటలో బంగారం కట్టాలి, మేక ఉచితం.

ఆ ముగ్గురిలో నా పని దెబ్బలు తినడం. రాక్షసుడి ముందు డాలు పట్టుకుని నిలబడితే వాడు నన్ను కొడుతూ ఉంటాడు, వెనక మిగతావాళ్లు వాణ్ని కొడతారు. నేను చాలా ఏళ్లుగా పోటీ పరీక్షలకు చదువుతున్నాను, అందుకని ఈ పాత్రకు వేరే తర్ఫీదు అవసరం పడలేదు. రెండోవాడు వైద్యుడు. వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. పగలంతా పగిలిన ఫోన్లను అతికిస్తాడు, సాయంత్రం పగిలిన నన్ను అతికిస్తాడు. మూడో ఆమె నిప్పులు విసిరే మంత్రగత్తె. బల్మూర్ అవతల నల్లమల అంచున వాళ్ల గూడెం. ఎండాకాలం వస్తే ఆమెకు అడవిలో మంటలు ఆర్పే పని. దినమంతా ఆర్పి, ఇంటి వెనక రాతిబండ ఎక్కితేనే సిగ్నల్ వస్తుంది కాబట్టి బండెక్కి, ఆటలో కనిపించిన ప్రతిదానికీ నిప్పు పెడుతుంది.

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

నోటీసు వచ్చిన రోజు ఆమె చెప్పేసింది. "అన్నా, కోట పోతే నేను గూడ పోత. ఇంకో గుంపుల చేరి, మల్ల మొదటికెళ్లి మనుషుల్ని అలవాటు చేసుకునుడు నాతోటి గాదు. ఫోన్ల జాగ గూడ లేదు, ఆట తీసేస్త."

వైద్యుడు "అంతే భాయ్. నేను గూడ దుకాణం బందు చేసి ఇంటికి పోత, టైమ్‌కు అన్నం తింట" అన్నాడు. అంత దిగులుగా టైమ్‌కు అన్నం తింటానన్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

పరిస్థితి అదీ. ఆదివారం లోపల నాలుగో మనిషి కావాలి. నాగర్‌కర్నూల్‌లో నా గది చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా పరీక్షలకు చదువుతున్నవాళ్లే. వాళ్లను అడిగితే జాలిగా చూశారు. జాలిపడే స్థితిలో వాళ్లూ లేరు, అయినా చూశారు. ఇక మిగిలింది పెబ్బేరులో మా బావ. పశువుల సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరం కుదిర్చే పని ఆయనది. సంత లేని రోజుల్లో చేతినిండా తీరిక, చేతిలో పెద్ద ఫోను.

బస్సు వనపర్తిలో ఆగింది. వైద్యుడి దుకాణం బస్టాండు పక్క సందులోనే అని నాకు తెలుసు. డ్రైవరు టీ తాగేంతసేపు కిటికీలోంచి ఆ సందును చూస్తూ కూర్చున్నాను. దిగలేదు. దిగి ఏమనాలి? నువ్వేనా నన్ను రోజూ బతికించేది అనాలా?

పెబ్బేరులో మా అక్క జొన్నరొట్టెలు చేస్తూ నా కథంతా విన్నది. "ఇంతకు గందుల ఏముందిరా తమ్మీ? ఏం మజా?" అన్నది.

రాక్షసుల గురించి చెప్పాను. రొట్టె తిప్పింది. కత్తులు, రెక్కల గుర్రాలు, లెవెళ్లు చెప్పాను. ఇంకో రొట్టె తట్టింది. చివరికి, "ఒక్కడు ఆడితే ఆ రాక్షసుడు చావడక్కా, ఆటనే అట్ల తయారు చేసిండ్రు" అన్నాను. "నేను పోకపోతే గేటుకాడ ఇద్దరు ఊకెనే నిలబడి ఉంటరు, నా కోసం."

అక్క చేయి ఆగింది. "ఇంకెవరు నిలబడరా నీ కోసం?"

"నిలబడతరు. గది ఓనరు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మరి ఫోన్లు చేస్కోండ్రి. నంబర్లు ఉన్నయి గద. గా ఆటెందుకు నడుమ?"

"ఏమని చెయ్యాలె అక్కా?"

మాట్లాడుకోవడానికి పనేమీ లేని మనుషులు మాట్లాడుకోవాలంటే నడుమ ఒక రాక్షసుడన్నా ఉండాలి. వాడిమీదికి పోతూ పోతూ, "ఇయాల కూరేంది?" అని అడగొచ్చు. రాక్షసుణ్ణి తీసేసి ఉత్త కూర గురించి అడిగితే అవతలివాళ్లు కంగారుపడతారు. అక్క ఇంకో రొట్టె వేసింది.

బావను ఒప్పించడానికి ఆశ చూపించాల్సి వచ్చింది. ఆయన్ను గుంపుకు ఉపనాయకుణ్ణి చేసి, కోటలో ఉన్న సమస్తం మీద అధికారం ఇచ్చాను. అధికారం రాగానే ఆయన రాక్షసులను వదిలేసి ఆటలో ఉన్న అంగడికి పోయి కూర్చున్నాడు. అక్కడ గుర్రాలూ ఎడ్లూ అమ్ముతారు. అందరికీ కనిపించేలా ధర రాసి పెడతారు.

"ఏందిరా ఇది? అందరు చూస్తుండంగ రేటు చెప్పుడేంది? సిగ్గుండాలె" అన్నాడు బావ. సంతలో ఆయన బేరమంతా భుజం మీది తువ్వాల కింద నడుస్తుంది. ఇద్దరి చేతులు తువ్వాల కింద, వేళ్లు నొక్కితే ధర, పైన మాత్రం వానల గురించి ముచ్చట.

"బావా, నీకు లెవెల్ పెరగాలె. పోయి ఎవల్నన్న చంపు."

"ఏం చేసిండ్రని చంపాలె పాపం? జర ఆగు, గీ గుర్రం పండ్లు చూడనియ్యి."

ఇరవై దాటాల్సిన మనిషి శనివారానికి పదకొండు దగ్గర ఉన్నాడు. ఆ రోజు నేను అన్నం దగ్గర మూడుసార్లు "బావా, దండం పెడ్త" అన్నాను. ఆయన పెరుగు పోసుకున్నాడు.

ఆదివారం పొద్దున టిఫిన్ చేసి వచ్చేసరికి కోట పెరట్లో మా యుద్ధపు ఎద్దు లేదు. గుంపంతా ఏడాది తిప్పలు పడితే వచ్చిన ఎద్దు. మా దగ్గర చూపించుకోదగ్గ వస్తువు అదొక్కటే.

"బావా, ఎద్దేది?"

"అమ్మిన."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. పడిపోలేదు, ఆ ఇంట్లో కుర్చీలు తక్కువ.

"మొఖం గట్ల పెట్టినవేంది? దాని నడుము మీద సుడి ఉన్నదిరా. నువ్వు సూడలేదు. గసొంటి సుడి ఉన్న ఎద్దు ఇంట్ల ఉంటే మనుషులు నిలువరు. నీ గుంపు ఎట్ల ఖాళీ అయిందనుకుంటివి?"

బొమ్మ గీసినవాడు ఎక్కడో కూర్చుని వెంట్రుకలు నాలుగు గుండ్రంగా తిప్పి ఉంటాడు. వాడికి తెలియదు పెబ్బేరులో ఒకాయన దాన్ని పెద్దది చేసి చూస్తాడని.

"మరి కొన్నోని గతేంది?"

"చెప్పే అమ్మిన. నేనొక్కన్నే ఉంట, నాకు గుంపే లేదు అన్నడు. ఒక్కనికి గా సుడి ఏం చేస్తది?"

మూడింటికి మంత్రగత్తె బండెక్కింది. "అన్నా, గాలి బాగున్నది, సిగ్నల్ పోయి పోయి వస్తున్నది. పోతే నన్ను తిట్టకు, టవర్‌ను తిట్టు." వైద్యుడు దుకాణంలో గిరాకీని బయట కూర్చోబెట్టి వచ్చాడు. ముగ్గురం మేక జెండా కింద నిలబడ్డాం. బావ బొమ్మ కూడా మాతోనే ఉంది, లెక్కలోకి రాకుండా. చావు ఇంట్లో లాగా వైద్యుడు "టీ తాగినవా భాయ్?" అని అడిగాడు.

అప్పుడు ఎద్దు కొన్నవాడు కోట గేటు బయట ప్రత్యక్షమయ్యాడు. మైకులో ఒకటే కేకలు.

"ఏం పెద్దమనిషివయ్యా? ఎద్దునిచ్చి తాడియ్యవా? తాడు లేకుంటే అది కదులుతలేదు! నేనేమన్న మొద్దునా?"

మాట గద్వాల అవతలివాళ్ల మాటలా సాగుతోంది. నేను బావ వైపు తిరిగాను. ఎద్దుతోపాటు దాని తాడు కూడా అమ్మకంలో పోవాలి. బావ దాన్ని విడిగా తీసి మా కోట పెట్టెలో పెట్టాడు.

"తలుగు ఇయ్యం" అన్నాడు బావ ఫోన్ దగ్గరికి వంగి. "ఎద్దును అమ్ముతం గని ఎద్దును కట్టిన తలుగును ఎవలన్న ఇస్తరా? తలుగు పోతే ఇంట్ల మల్ల పశువు నిలువదు. కొన్నోడే కొత్త తాడు తెచ్చుకోవాలె. తెల్వదా నీకు?"

"బావా, ఇచ్చెయ్యి, ఆట బావా ఇది" అన్నాను.

"ఆటైతే? ఎద్దు ఎద్దే."

అవతలివాడు ఆటవాళ్లకు కంప్లైంటు పెడతాడనుకున్నాను. కోట ఎలాగూ పోతోంది కనుక పరువు కూడా పోతే ఒకే ఖర్చులో అయిపోతుందని సర్దుకున్నాను.

"మా తాత గూడ ఇయ్యకపోతుండె" అన్నాడు అవతలివాడు నెమ్మదిగా. "కొత్త తాడు నేనేడ తేవాలె? నాకు కోట లేకపాయె. తాడు పేనే కొట్టం కోటలోనే ఉంటది."

"లోపలికి రా, మా కొట్టంల పేనుకో. దానికేముంది" అన్నాడు బావ.

కొట్టం వాడాలంటే గుంపులో చేరాలి. ఉపనాయకుడి హోదాలో బావ వెంటనే చేర్చేశాడు. పేరు పక్కన లెవెల్ కనిపించింది. నలభై పైన. మైకు మూసేసి, "బావా, వాణ్ని పోనియ్యకు" అన్నాను.

"ఎందుకు?"

"నాలుగో మనిషి!"

నాలుగింటికి ఇంకా చాలాసేపుంది. తాడు తయారవడానికి అంతసేపు పట్టదు. తాడు చేతికొస్తే అతను వెళ్లిపోతాడు. మంత్రగత్తె బొమ్మ ఒకసారి మాయమై మళ్లీ వచ్చింది. "ఉన్న, ఉన్న" అన్నది రొప్పుతూ. వైద్యుడు లోగొంతుకతో ఏదో చదువుకుంటున్నాడు. ఉర్దూలో దేవుణ్ణి ఇలాంటి పనికి ఇంతకుముందు ఎవరైనా పిలిచారో లేదో.

బావకు మాత్రం తొందర లేదు. సంతలో కొనేవాణ్ని నిలబెట్టడం ఆయన వృత్తి. "మీదేవూరు బాబూ? ఓ, నది అవతలా? అటు దిక్కు ఎడ్లు పొడుగుంటయి. మీ తాత ఎన్ని జతలు కట్టేటోడు?" అన్నాడు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. తాతకు రెండు జతలు ఉండేవట. నాయన వచ్చాక ట్రాక్టరు వచ్చిందట. తలుగులు మాత్రం ఇప్పటికీ కొట్టంలో దూలానికి వేలాడుతున్నాయట, ఎవరూ తీయరట.

"తియ్యొద్దు" అన్నాడు బావ.

"తియ్య. నేనెందుకు తీస్త?"

తాడు తయారైందని తెర మీద మెరిసింది. అతను చూసుకోలేదు. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను. తెల్ల ఎద్దుకు వయసెట్లా పట్టాలన్న దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఆ పట్టింపులో ఉండగా గంట మోగింది. ఎవరి మాటా ఆగలేదు. తెర మీద మేక జెండా ఒకసారి ఊగి అక్కడే ఉంది.

మంత్రగత్తె "అన్నా!" అన్నది, ఆ వెంటనే సిగ్నల్ పోయింది. వైద్యుడు ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. గిరాకీ లోపలికొచ్చి గొడవ చేస్తున్నాడట, అందుకు ముక్కు చీదాడట. నేను మటుకు అక్క ఇంటి గోడకు ముఖం పెట్టుకుని చాలాసేపు ఉన్నాను. సున్నం ఎలా వేశారో చూద్దామని.

ఎద్దు కొన్నవాడు ఆ రోజు వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. ఉండిపోవాలని అనుకున్నట్టు కూడా ఎప్పుడూ చెప్పలేదు. బహుశా వెళ్లడం మరిచిపోయాడు. నాకు ఆ రెండిటికీ తేడా కనిపించదు. ఎద్దు మళ్లీ మా పెరట్లోకే వచ్చింది. సుడి గురించి బావను అడిగితే, "కొత్త తాడుతోటి వచ్చింది గద, ఇప్పుడు లెక్క వేరే" అన్నాడు. పాత తలుగు పెట్టెలో ఒక అర మొత్తం ఆక్రమించుకుని ఉంది. దాంతో ఏ పనీ కాదు. పారేద్దామని ఎవరూ అనలేదు.

తిరుగు బస్సు వనపర్తిలో ఆగినప్పుడు దిగాను. సందులో మూడో దుకాణం. అద్దాల కౌంటర్ వెనక ఒకడు తల వంచుకుని స్క్రూ తిప్పుతున్నాడు. నా ఫోన్ అతని ముందు పెట్టాను. "చార్జింగ్ నిలుస్తలేదు భాయ్" అన్నాను.

అతను తల ఎత్తలేదు. గొంతు విని చేయి మాత్రం ఆగింది. "దెబ్బలు బాగ తిన్నట్టున్నది" అన్నాడు.

మళ్లీ గంట వచ్చే ఆదివారం. నది అవతలాయన చెల్లెలి పెళ్లి అదే రోజు. రావడం కష్టమన్నాడు. నిన్న పెబ్బేరుకు ఫోన్ చేశాను.

"బావా, నీ లెవెల్ ఎంత?"

"పన్నెండు."

"నెల అయింది బావా!"

"అంగట్ల మంచి కోడె దిగిందిరా, జర ఆగు" అని పెట్టేశాడు.