తెల్ల పరుపు మీద బూటు

తెలుగులో కుంటిసాకు అని ఒక మాట ఉంది. ఎవరు పుట్టించారో గానీ, నాకు ఎదురుపడితే కడిగి పారేసేదాన్ని. కుంటిదాన్ని నేను. సాకులన్నీ రెండు కాళ్లూ బాగున్నవాళ్లు చెప్పినవే.

భూపాలపల్లిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగం వెతికిన రోజుల్లో, ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పని ఖాళీ ఉందంటే పోయాను. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ ఎక్కాను. కుర్చీలో ఉన్నాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఇన్ని మెట్లు నువ్వెట్ల ఎక్కుతవమ్మా?" అన్నాడు.

"ఎక్కే వచ్చిన గద సార్" అన్నాను.

"ఒక్కనాడంటే సరే. రోజు ఎక్కుడంటే కష్టం. అయినా నీకు పింఛన్ అస్తది గద, కొలువెందుకు?"

పింఛను వచ్చేవాళ్లు గోడలు చూస్తూ బతకాలని ఎక్కడ రాసి ఉందో అడుగుదామనుకున్నాను. అప్పటికి నా నోరు ఇంకా ఇంత పదును తేలలేదు. దిగి వచ్చేశాను. ఎక్కడం కన్నా దిగడమే కష్టం, ఆ సంగతి ఆయనకు తెలియదు.

మాది నెల్లికుదురు దగ్గర తండా. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చిక్కిపోయింది. ఆ కాలికి తొడ నుంచి పాదం దాకా కాలిపర్ ఉంటుంది. రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద ఒక బూటు. కడ్డీలు ఆ బూటు మడమలోకి దిగుతాయి. బూటు లేకపోతే కాలిపర్ నిలబడదు, కాలిపర్ లేకపోతే నేను నిలబడను. జనగామ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిందీ ఆ బూటుతోనే.

చివరికి మహబూబాబాద్‌లో, మా నోట్లో మానుకోటలో, ఒక బట్టల దుకాణంలో పని దొరికింది. పాత పద్ధతి దుకాణం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లటి పరుపు పరిచి ఉంటుంది. వచ్చినవాళ్లు గడప దగ్గర చెప్పులు విడిచి, పరుపెక్కి కూర్చుంటారు. అమ్మేవాళ్లు ఎదురుగా కూర్చుని చీర మీద చీర విప్పుతారు. సేటు నన్ను ఆ పరుపు మీద కాదు, వెనక గదిలో పెట్టాడు. విప్పిపడేసిన చీరలు మళ్లీ మడతపెట్టడం నా పని. పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే మడతలవాళ్లను ఇంటికి పంపేస్తారు. ఏడాది పొడుగునా ఉండేది పరుపు మీదివాళ్లే.

అంటే సీజన్ ముగిసేలోగా నేను పరుపెక్కాలి, లేదంటే తండాకు పోవాలి. తండాకు పోతే యాడి, అంటే మా అమ్మ, నన్ను నీడన కూర్చోబెట్టి కోళ్లకు కాపలా పెడుతుంది. ప్రేమతోనే పెడుతుంది. నాకు భయం వేసేది ఆ ప్రేమంటేనే.

ఒకరోజు సేటును అడిగేశాను.

"బిడ్డా, నీకేం తక్కువ జేసిన? ఫ్యాన్ కింద కూసోబెట్టిన" అన్నాడు. "పరుపు మీదికి చెప్పు ఎక్కితె లచ్చిందేవి నిలుస్తదా? నీ బూటేమో ఊడది."

ఆ మాటలో కొంచెం న్యాయం ఉందనిపించింది. ఆ ఆదివారమే జనగామ పోయి, హాస్టల్ రోజుల నుంచి నా బూట్లు కుట్టే తాతకు సంగతి చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, మెత్తటి అడుగుతో ఇంకో బూటు కుట్టిచ్చాడు. "గిది దుకాణంల తప్ప యాడ తొడగకు. మన్ను మొకం సూడనిదాన్ని చెప్పు అనరు బిడ్డా" అన్నాడు. దుకాణానికి రాగానే బయటి బూటులోంచి కడ్డీలు ఊడదీసి ఇందులో దించుకుంటే సరిపోతుంది.

సేటు ఆ బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన కూడా చూశాడు. "కొత్తదే. కాని చెప్పు చెప్పే గద" అన్నాడు. ఆగి, "అయినా అల్మారలకెల్లి చీరలు ఎవలు తీస్తరు?" అన్నాడు. మా దుకాణంలో కూర్చుని అమ్మేవాళ్లు ఎవరూ లేచి చీర తీయరు. అలమారాల దగ్గర నిలబడ్డవాళ్లకు కేకేస్తే చీర గాల్లో ఎగిరి వస్తుంది. ఆ పద్ధతి పెట్టింది సేటే. నేను వెనక గదికి పోయి, ఆ కోపమంతా మడతల మీద చూపించాను.

సీజన్ చివరికొచ్చింది. దంతాలపల్లి దిక్కు నుంచి రాజకీయాల్లో తిరిగే ఒక పెద్దమనిషి, భార్యనూ పెళ్లికూతురు కాబోయే బిడ్డనూ తీసుకుని వచ్చాడు. ఆడవాళ్లిద్దరూ గడప దగ్గర చెప్పులు విడిచారు. ఆయన మాత్రం ఫోను చెవికి ఆనించుకుని, తోలుబూట్లతో తిన్నగా పరుపు మధ్యకు నడిచి వచ్చి కూర్చున్నాడు. తెల్ల గుడ్డ మీద ఎర్రమన్ను అచ్చులు వరసగా పడ్డాయి. సేటు, "రాండ్రి అన్నా, రాండ్రి" అంటూ ఆయన వీపుకు బాలీసు ఆనించాడు. లక్ష్మీదేవి ఆ పూట ఏ మూల నక్కిందో!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్త బూటు తగిలించుకున్నాను. వెనక గది గడప దాటి, అందరూ చూస్తుండగా పరుపెక్కి, ఖాళీగా ఉన్న చోట మోకాలి దగ్గరి లాకు తీసి కూర్చున్నాను.

సేటు వంగి నా చెవిలో, "గిదేంది? లే" అన్నాడు.

"ఆ అన్న బూట్లతోటి కూసున్నడు. నాది మన్ను తగలనిది."

"బూటు ముచ్చట కాదు బిడ్డా. పెండ్లి బట్టలకు అస్తరు. మొదాలే నిన్ను జూస్తె మనసుల పెట్టుకుంటరు."

బూటు, అలమారా, ఫ్యాను గాలి, అన్నిటి కింద ఉన్నది ఇదన్నమాట. ఏడుపు రావాల్సింది, రాలేదు. కోపం వచ్చింది, దానితోపాటు చిత్రంగా నిమ్మళం కూడా కలిగింది. ఇక వీళ్ల ప్రశ్నలకు నేను జనగామ దాకా పోయి జవాబులు కుట్టించుకు రానక్కర్లేదు.

"గుసగుస ఎందుకు సేటు? నేను అపశకునమని అందరు ఇనేటట్టు చెప్పు" అన్నాను గట్టిగా.

పెళ్లికూతురి తల్లి మొహం తిప్పుకుని, "మాకు వేరేటోల్లు చూపిస్తరు తియ్" అంది. వాళ్లు ముగ్గురూ లేచి అవతలి మూలకు జరిగారు. నన్ను వెనకేసుకు రావడానికి ఎవరూ నోరు తెరవలేదు.

"లేస్తవా, లేవవా?" అన్నాడు సేటు, పళ్లు బిగించి.

"లేవ. నా అంతట నేను లేవలేను గూడ" అన్నాను. అది నిజం. కింద కూర్చుంటే, ఎవరో ఒకరు చెయ్యిస్తే తప్ప నేను లేవలేను. "ఎత్తుకపోతవా? ఎత్తుకపో. పెండ్లోల్ల ముందట ఒక ఆడపిల్లను మోసుకపోతె శకునం ఇంక మంచిగుంటది."

సేటు చుట్టూ చూసి, గల్లా దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా నా ముందుకు ఎవరూ రాలేదు. అన్నానికి లేవలేదు. లేవడానికి చెయ్యి అడిగితే ఆ చెయ్యి నన్ను ఎటు తీసుకుపోతుందో తెలుసు. ఎండ తిరిగాక ఏదో తండా నుంచి ఒకామె బిడ్డను వెంటబెట్టుకుని వచ్చి, మిగతావాళ్ల దగ్గర జాగా లేక నా ముందు కూలబడింది. వాళ్లవీ పెళ్లి బట్టలే. చాపి ఉన్న నా కాలు చూసి, "చిన్నప్పటి నుంచేనా?" అని మా భాషలో అడిగింది. అవునన్నాను. "సరే, ఆ పసుపుది తీయించు. అంచు పెద్దగుండాలి" అంది.

అంతే. నా కాలి గురించి లోకం మాట్లాడాల్సింది అంతే. అలమారా దగ్గరి అన్నకు కేకేశాను. చీర ఎగిరొచ్చి నా ఒళ్లో పడింది. ఆమె గీసిగీసి బేరమాడింది, నేనూ తగ్గలేదు. నా కాలి మీద జాలిపడి ఒక్క రూపాయి కూడా వదులుకోలేదు మహాతల్లి. బిడ్డ పెళ్లికి కావాల్సినవన్నీ నా ముందే తీసుకుని పోయింది.

పొద్దుగూకింది. బేరాలు అయిపోయాయి. అమ్మేవాళ్లంతా చీరలు సర్దుతున్నారు. సేటు తాళాల గుత్తి పట్టుకుని నా ముందుకు వచ్చాడు.

"ఇగ లే బిడ్డా. దుకాణం బందు జెయ్యాలె."

"రేపటిసంది నా జాగ గిదే అని చెప్పు సేటు. లేస్త."

"మొండికేస్తున్నవా?"

"అవు."

నన్ను లోపల పెట్టి తాళం వేయలేడు. ఆయన చాలాసేపు గుత్తిని చేతిలో ఆడించాడు. "సరే తియ్" అన్నాడు చివరికి, నోట్లో నోట్లో.

"అందరు ఇనేటట్టు."

సర్దుతున్నవాళ్ల చేతులు ఆగాయి. "రేపటిసంది గీమె గీడ్నే కూసుంటది" అన్నాడు సేటు, ఈసారి గట్టిగానే. "సీజన్ అయిపోయినంక గూడనా?" అన్నాను. "అయిపోయినంక గూడ!" అని అరిచాడు.

అప్పుడు చెయ్యి చాచాను. పక్కనున్న అన్న అందుకోబోతే వద్దన్నాను. సేటే వంగి, నా చెయ్యి పట్టుకుని లేపాడు.