వాపసు పోబోయిన కాలు

తమ్ముడి కాలు పోస్టులో వస్తోంది. ప్రమాదంలో మోకాలి కింద తీసేసిన కుడికాలికి పెట్టుకునే కృత్రిమ కాలు అది. పాదం దగ్గర పగిలితే, తయారుచేసిన వర్క్‌షాపుకే బాగుచేయడానికి పంపాడు. ఈలోగా అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక గోదాములో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చునే పనే, కానీ ముందు గోదాము ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాలన్నారు. చంక కర్రలతో వస్తే కుదరదని ఫోన్‌లోనే తేల్చేశారు.

కాలు పగిలిన సంగతి అమ్మకు చెప్పలేదు. తెలిస్తే మళ్లీ పనీగినీ వద్దంటుంది. కోసిన చోట పుండు పడింది, మానేదాకా కాలు పెట్టుకోనని వాడు చెబితే నమ్మింది.

వర్క్‌షాపు వాళ్లు ట్రాకింగ్ నంబరు పంపినప్పటి నుంచి తమ్ముడు ఫోను కింద పెట్టలేదు. పక్కింటి అన్న ఒకరోజు ఆ నంబరు చూసి, అంకెలన్నీ కూడి పెదవి విరిచాడు.

"మొత్తం ఎనిమిదొచ్చింది. ఎనిమిదంటే శని. లేటైతది చూడు."

నాకు ఒళ్లు మండింది. "అన్నా, ముందటి రెండక్షరాలు అది ఏ రకం పార్సిలో చెప్తయి. ఆఖరి రెండు ఏ దేశందో చెప్తయి. నడుమ అంకెలు దాని పేరు. వాటిల చివరిది కాపలా అంకె. ఎవలన్న ఒకటి తప్పు కొడితే పట్టిస్తది. గంతే. ఇండ్ల శనికి జాగ లేదు."

"మరి ఎనిమిదే ఎందుకొచ్చింది?"

"ఏదో ఒకటి రావాలె గద."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. ఆ రోజే తమ్ముడిని కూర్చోబెట్టి చెప్పాను. స్టేటస్ అంటే ఒక మనిషి సాక్ష్యం. ఎక్కడో ఒకాయన ఆ పార్సిల్ చేతిలో పట్టుకుని, మిషన్‌తో దాని మీది గీతలు చదివించి, ఇది ఇక్కడుంది అన్నాడు. ఆ తర్వాత మాట మారకపోతే పార్సిల్ పోయినట్టు కాదు, మరో మనిషి ఇంకా చూడలేదన్నమాట. వాడు తలూపి, మళ్లీ ఫోను చూసుకున్నాడు.

గోదాముకు పోవాల్సిన రోజు రేపనగా, పొద్దున "డెలివరీకి బయలుదేరింది" అని వచ్చింది. నేను పనుండి చౌరస్తాకు వెళ్లాను. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, వద్దన్నరట."

"ఎవలు?"

"నేనేనట. తీసుకునెటాయన వద్దన్నడు, పంపినోళ్లకు వాపసు అని చూపెడుతుంది. పోస్టాయన రాకుండనే రాసిండు."

పోస్టాయనను తిట్టడం తేలిక. కానీ సాక్ష్యం చెప్పినవాడిని అబద్ధాలకోరు అనేముందు రెండోవైపు కూడా అడగాలి కదా.

"నువ్వేడున్నవ్ అప్పుడు?"

"స్నానానికి పోయిన."

"అమ్మ?"

"వాకిట్ల ఉండె," అన్నాడు వాడు. నేను ఇంటికి బయలుదేరాను.

అమ్మ వాకిట్లో కూర్చుని పుంటికూర తెంపుతోంది. పోస్టాయన వచ్చాడా అని అడిగాను.

"వచ్చిండు. పంపిచ్చిన."

"ఎందుకు?"

"తెల్లబట్టల కుట్టిన మూట. మీద ఎర్రగ లక్క ముద్దలు. పట్టుకుంటే లోపల మనిషి పాదం తాకింది. వేళ్లు సుత తెలిసినయి. పంపినోని పేరు మనోళ్లది కాదు. మా ఇంటిది కాదు తీస్కపో అన్న."

అంతకు కొన్నాళ్ల కిందటే మా గల్లీ చివర ఒక తెల్లబట్ట మూట కనబడింది. ఆ వారంలోనే ఎవరిదో బర్రె పాలివ్వడం మానేసింది. బాణామతి అని గల్లీ అంతా గుసగుస. నేను పోయి అందరి ముందూ మూట విప్పాను. గుప్పెడు బియ్యం, ఎండిన నిమ్మకాయ. అమ్మ మాత్రం నేను తలకు పోసుకునేదాకా గడప తొక్కనివ్వలేదు. మూట కనబడగానే ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని అడగకుండా, ఇక ఏమవుతుందో అని వణకడం దగ్గరే మన బుద్ధి ఆగిపోతోంది. మూఢనమ్మకాల మీద మీటింగులు పెట్టి ఊరూరా ఈ మాట చెప్పాను. ఆ భయం ఇప్పుడు మా వాకిట్లోనే కూర్చుని కూర తెంపుతోంది.

లోపలి నుంచి తమ్ముడు కర్రల మీద వచ్చాడు. "అది నా కాలే అమ్మా. పగిలితే బాగుచేయనీకి పంపిన."

అమ్మ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

"తెలిసే వాపస్ పంపినవా?" అన్నాడు వాడు. "నేను పనికి పోవుడు నీకు ఇష్టం లేదు గద."

"తెలిస్తే తీసుకొని దాస్తుంటి. వాపస్ పంపుతనా? గంత సదువుకున్నవ్, గింత ఆలోచించవా?"

పోస్టాఫీసుకు ఫోన్ చేస్తే, మూట ఇంకా అక్కడే ఉందన్నారు. బండి రాగానే వెళ్లిపోతుంది, ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషే రావాలి. ఆటో పిలిచాం. అమ్మ ఎవరూ అడగకుండానే ఎక్కి కూర్చుంది.

దారిలో స్టేటస్ మారింది. వాపసు సంచిలో వేశారని. తమ్ముడు ఫోను నా ముఖం దగ్గర పెట్టాడు.

"సంచిల వేసిండ్రు అన్నది. బండి పోయింది అనలే," అన్నాను.

"పోలేదని సుత అనలే."

నిజమే. చౌరస్తా దగ్గర బస్సుకు లారీ అడ్డం పడి అందరం ఆగిపోయాం. నేను నేర్పిన తర్కమే నా ముందు అడ్డంగా నిలబడింది. అమ్మ ఆటో కడ్డీ పట్టుకుని ముందుకే చూస్తోంది.

పోస్టాఫీసు ముందు బండి నిలబడి ఉంది, వెనక తలుపు తెరిచి. ఆఫీసు లోపల ఒకాయన సంచి మూతి దగ్గరకు పట్టి తాడు చుడుతున్నాడు. తమ్ముడు గుమ్మంలోనే తన పేరు చెప్పాడు. ఆయన తాడు వదల్లేదు.

"వద్దన్నరని రాసుంది. ఎవలన్నరు?"

"నేనే," అంది అమ్మ.

"ఎందుకమ్మా?"

"భయమైంది."

ఆయన తమ్ముడి ఖాళీ ప్యాంటు కాలు వైపు చూశాడు. ఆధార్ కార్డు అడిగి చూశాడు. గొణుక్కుంటూ తాడు విప్పి, మూట తీసి, మిషన్‌తో మళ్లీ చదివించి బల్ల మీద పెట్టాడు. నిజంగానే చూసేవారికి గుండె జారే ఆకారం. వరుసలో ఉన్న ఒకామె బిడ్డను వెనక్కి లాక్కుంది. నేను ఆమె వైపు తిరిగాను.

"అక్కా, నీ మీటింగ్ తర్వాత పెట్టు," అన్నాడు తమ్ముడు. "కత్తెర అడుగు."

బెంచీ మీద కూర్చుని వాడే కుట్లు కోశాడు. లక్క పెచ్చులుగా నేల మీద రాలింది. కాలు తొడుక్కుని, పట్టీ బిగించి, లేచి నిలబడ్డాడు. బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచాడు. కొత్తగా వేసిన పాదం కొంచెం ఈడ్చుకుంటోంది.

అమ్మ రాలిన లక్క ముక్కలను తొక్కకుండా చుట్టూ తిరిగి వాడి దగ్గరకు వచ్చింది. నేనది చూశాను.

"రేపటి గోదాము ఎంత పొడుగుంటది?" అని అడిగింది.

"దీనికి మస్తు రెట్లుంటది."

అమ్మ కర్రలు రెండూ తీసి తన చంకన పెట్టుకుంది.

"మల్లొకసారి నడువు," అంది.