తిరుపతిరావు మాస్టారి వంద వరుసలు

మా బావ తిరుపతిరావు గురించి చెప్పాలంటే ముందు ఆయన వేళ్ళ గురించి చెప్పాలి. పలాసలో టైపు నేర్పే రోజుల్లో కళ్ళు మూసుకుని నిమిషానికి అరవై మాటలు కొట్టేవాడు. టైపు మిషన్లు మూలపడ్డాక టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో చేరాడు. నేను అక్కడే అటెండర్ని. మా అక్క మొగుడైనా సరే, ఉన్నమాట చెబుతాను. బావకి పైథాన్, అదే కంప్యూటరుకి పనులు చెప్పే భాష, రాదు.

జూన్ నుంచి పైథాన్ చెప్పగలిగినవాళ్ళే ల్యాబులో ఉంటారని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. డెమో క్లాసు చెప్పమన్నాడు. యాభై రెండేళ్ళ మనిషి నెలరోజులు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. లూపు అంటే చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించడం. అంతవరకు బాగానే ఉంది.

"ఒరే శివాజీ, మజ్జిలో ఈ 'ఐ' అన్న అచ్చరం ఎవుడ్రా? ఇంతకుముందు ఎక్కడా నేడు."

"నన్నడుగుతావేటి బావా? నేను గంట కొట్టీవోణ్ని."

ఒళ్ళు మండేది నాకు. అంతలోనే జాలేసేది. పుస్తకంలోని లూపును చూడకుండా, పొల్లుపోకుండా కొట్టేవాడు. అందులో ఒక్క అంకె మార్చమంటే చేతులు ఆగిపోయేవి.

డెమో రోజు ప్రిన్సిపాల్, కొత్తగా వచ్చిన ధరణి మేడం, ఉద్దానం ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు, అందరూ కూర్చున్నారు. ఒకటి నుంచి పది దాకా ఎక్కాలు తెర మీదికి రావాలి. బావ లూపు మొదలుపెట్టాడు, ఆగాడు, చెరిపేశాడు. ఇక టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. లూపూ లేదు, గీపూ లేదు. ప్రతి వరుసా విడిగా, చేత్తో! వంద వరుసలు, ఏడు నిమిషాలు, ఒక్క తప్పు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బుద్ధిలేనివాణ్ని, నేనూ కొట్టాను.

"బాగుంది మాస్టారూ. ఇప్పుడు వెయ్యో ఎక్కం దాకా చూపించండి," అన్నాడు ప్రిన్సిపాల్.

బావ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళాక ధరణి మేడం పక్కన కూర్చుని చూపించింది. "ఎక్కం రాసే పని ఒక్కసారి నేర్పి పేరెడతాం సార్. అదే ఫంక్షను. ఐ అన్నది ఒకటవుద్ది, రెండవుద్ది, అలా పెరుగుద్ది. పెరిగినప్పుడల్లా ఆ పేరుతో పిలిత్తే, ఐ ఎంతుంటే అన్నో ఎక్కం రాసేత్తది." పదిని వెయ్యి చేసి మీట నొక్కింది. తెర నిండా ఎక్కాలు పరుగులు పెట్టాయి.

"ఇప్పుడు తెలిసిందిరా," అన్నాడు బావ నా వైపు తిరిగి. మొహంలో సంతోషం లేదు. "నేనైతే పన్నెండు గంటలు కొట్టాల."

సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచాడు. క్లర్కు సెలవులో ఉన్నాడు. "మీ రిలీవింగ్ ఆర్డరు మీరే కొట్టిచ్చేయండి మాస్టారూ, మీ చేతికెంతసేపు!" ఛీ, నోరెలా వచ్చిందో! బావ కూర్చుని తన పేరు, చేరిన తేదీ, మానే తేదీ కొట్టి ఇచ్చాడు. కాగితం మీద కాలేజీ ముద్ర నన్ను వేయమన్నారు.

బయటికి రాగానే గదమాయించాను. "అలా కొట్టీసినావేటి బావా? సిగ్గునేదా?"

"కొట్టమన్నారు కదరా," అన్నాడు మెల్లగా. "నువ్వు ముద్దర ఎయ్యనేదేటి?"