కొవ్వు లారీల మేస్టారు

రక్తపరీక్షల ల్యాబులో సూది పట్టే మేస్టారికి ఒకటే జబ్బు. కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఒంట్లో కొవ్వు ఎలా ప్రయాణం చేస్తుందో చెప్పందే వదిలిపెట్టరు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోకపోయినా, ఈ ధోరణి చూసి అందరూ మేస్టారనే పిలిచేవారు.

"నూనె నీళ్లలో కలుస్తుందా? కలవదు. మరి రక్తంలో కొవ్వెలా వెళ్తుంది? అందుకే మన ఒళ్లు దానికి మాంసకృత్తుల తొడుగేసి, చిన్నచిన్న మూటలు కట్టి పంపిస్తుంది. లారీలన్నమాట!"

ముందుగదిలో పేర్లు రాసుకునే అమ్మాయికి ఈ లారీల మోతతో తల వాచిపోయింది. ఒకరికి రెండు నిమిషాల్లో ముగించే పాఠం, ఇంకొకరికి ఇరవై నిమిషాలు సాగేది. వరస మెట్లదాకా పెరిగేది, తిట్లు ఆమెకి పడేవి.

"మీకు దణ్ణం పెడతాను మేస్టారూ, కాస్త తొందరగా కానివ్వండి."

"లోడుతో ఉన్న లారీని తొందరపెట్టకూడదమ్మా!"

ఇక లాభం లేదు, ఇవాళ డాక్టరుగారితో చెప్పేయాల్సిందే అనుకుంది.

ఆ పూటే ఆరడుగుల లారీ డ్రైవరొకడు వచ్చాడు. సాయంత్రంలోగా రక్తం రిపోర్టు ఇవ్వకపోతే కొత్త ఉద్యోగం చేజారిపోతుంది. సూది చూసి అప్పటికే రెండుసార్లు పారిపోయాడట. భార్య లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. ఈసారీ పారిపోతాడేమోనని అమ్మాయి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"పేగుల దగ్గర లోడెత్తిన లారీ, కండల దగ్గర దించుకుంటూ పోతుంది," అన్నారు మేస్టారు, జబ్బకి రబ్బరు పట్టీ బిగిస్తూ. "కాలేయం నుంచి బయల్దేరేవి వేరే. అవి మితిమీరితే సరుకు రక్తనాళాల గోడల్లో ఇరుక్కుంటుంది."

"సరుకు దారిలో వదిలేస్తారా!" డ్రైవరుకి ఒళ్లు మండింది. "వాళ్ల ఓనరు ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. మిగిలింది ఏరుకొచ్చే లారీలు ఇంకో రకం ఉన్నాయి."

"రిటర్న్ లోడన్నమాట! ఎక్కడికి?"

"మళ్లీ కాలేయానికే. చెయ్యి మడవండి."

"ఎందుకు?"

"అయిపోయింది."

మోచేతి మడతలో దూది చూసుకుని డ్రైవరు నోరెళ్లబెట్టాడు.

అమ్మాయికి అప్పుడు తట్టింది. రెండు నిమిషాల పాఠం ధైర్యవంతులకి, ఇరవై నిమిషాలది వణికేవాళ్లకి. ఇన్నాళ్లూ ఈ మనిషినా విసుక్కున్నానని సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ఇష్టమూ కలిగింది.

"ముందే చెప్పొచ్చుగా మేస్టారూ!" అంది గొంతు తగ్గించి.

"బయటికి పొక్కితే ఇంకెవరైనా వింటారా తల్లీ?"

డ్రైవరు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "కాలేయానికి చేరాక ఆ సరుకేమవుతుందో చెబితేగానీ లేవను."

"కొంత పైత్యరసంగా మారి, మళ్లీ పేగుల్లోకి..."

"ఎంతసేపమ్మా?" బయట వరసలోంచి ఎవరో అరిచారు.

"ఉండండి బాబూ," అని కేకేసింది అమ్మాయి, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "లారీ ఇంకా కాలేయం దాటలేదు!"